50 హెర్ట్జ్ అడిగితే 48.73 వెతికిన కోడ్: బోరు మోటారు మీటర్ మీద ఒక కేస్ స్టడీ

బెంచ్ మీద హీటర్ లోడులో సరిగ్గా 10 ఆంప్స్ పోతున్నాయి. పక్కనున్న రిఫరెన్స్ మీటర్ 10.00 దగ్గర కదలకుండా కూర్చుంది. మేం చేస్తున్న మీటర్ బోర్డు మాత్రం 8.9 అంటుంది, అంతలోనే 9.1 అంటుంది, మళ్ళీ 9.0కి వస్తుంది.

సీటీ (తీగలో కరెంటుని చిన్నది చేసి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మార్చాం. ఆ చిన్న కరెంటుని వోల్టేజీగా మార్చే బర్డెన్ రెసిస్టర్ మార్చాం. వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీకి ఇచ్చే రిఫరెన్స్ వోల్టేజీ కొలిచాం. అన్నీ బాగానే ఉన్నాయి. సాయంత్రానికి మా జూనియర్ విసిగిపోయి, "అన్నా, సగటున 8.97 వస్తోంది కదా, 1.115తో గుణించేసి క్యాలిబ్రేషన్‌లో కలిపేద్దాం" అన్నాడు. నిజం చెప్పాలంటే నాక్కూడా అదే చేయాలనిపించింది. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే అదే 10 ఆంప్స్‌కి రీడింగ్ 9.1 చుట్టూ ఆడుతోంది. రాత్రికి రాత్రే మారిపోయే తప్పుని ఏ అంకెతో గుణిస్తే పోతుంది?

చేస్తున్న వస్తువేమిటో చెప్తాను. పొలాల్లో బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో పెట్టే ప్రొటెక్షన్ మీటర్. మన దగ్గర చాలా బోర్లకి ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే ఆన్ అవుతుంది, రైతు ఇంట్లో నిద్రపోతుంటాడు. బోరులో నీళ్ళు అందకపోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు అలాగే తిరుగుతూ ఉంటుంది. తెల్లారేసరికి వైండింగ్ కాలిపోతుంది. బోరులోంచి మోటారు పైకి తీయడం, రివైండింగ్ షాపుకి మోయడం, మళ్ళీ దింపడం అంతా రైతు జేబులోంచే. కాబట్టి మా మీటరుకి మూడు పనులు: మూడు ఫేజుల ఆంప్స్ చూపించాలి, డ్రై రన్ (నీళ్ళు లేకుండా తిరగడం) పట్టుకోవాలి, సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజు పోవడం) పట్టుకోవాలి.

చేతిలో ఉన్న చిప్పు కార్టెక్స్-ఎం0. 48 మెగాహెర్ట్జ్, 8 కేబీ ర్యామ్, ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్ లేదు. రెండు 32 బిట్ల సంఖ్యలను గుణిస్తే కింది 32 బిట్లే ఇస్తుంది, పైవి కావాలంటే లైబ్రరీ ఫంక్షన్‌ని పిలవాల్సిందే. ధర తక్కువ కాబట్టి అదే కావాలన్నారు.

ఎఫ్ఎఫ్‌టీ ఎందుకు వద్దనుకున్నాం

మొదటి మీటింగులో అందరి నోటా వచ్చిన మాట ఎఫ్ఎఫ్‌టీ. సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో విడదీసి చెప్పే లెక్క అది. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) అనగానే అలవాటుగా అదే వస్తుంది. లెక్క వేస్తే అది అక్కడే ఆగిపోయింది. మూడు వోల్టేజీలు, మూడు కరెంట్లు, మొత్తం ఆరు ఛానళ్ళు. ఒక్కోదానికి 1024 శాంపిళ్ళు (ఏడీసీ తీసే ఒక్కో కొలత ఒక శాంపిల్), శాంపిల్‌కి 2 బైట్లు అంటే 12 కేబీ. ఉన్నదే 8. ఒక్కో ఛానల్ విడివిడిగా చేద్దామంటే ఒకే క్షణంలో ఆరూ ఎలా ఉన్నాయో పోల్చడం కుదరదు, సింగిల్ ఫేజింగ్‌కి కావాల్సిందే ఆ పోలిక.

మెమరీ ఉన్నా నేను వాడేవాణ్ణి కాదు. 1024 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ 512 ఫ్రీక్వెన్సీల సమాచారం ఇస్తుంది. మాకు కావాల్సింది ఒక్కటి: 50 హెర్ట్జ్. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. పైగా 16 బిట్ల ఎఫ్ఎఫ్‌టీలో ఓవర్‌ఫ్లో కాకుండా ప్రతి దశలో విలువను సగం చేస్తారు. 1024 పాయింట్లకి 10 దశలు. పెద్ద సిగ్నల్‌కి ఇబ్బంది లేదు గానీ, చిన్న చిన్న భాగాలు రౌండింగ్ రొదలో కలిసిపోతాయి.

ఒకటి రెండు ఫ్రీక్వెన్సీలు చాలనుకున్నప్పుడు అందరూ వెళ్ళేది గోర్ట్‌జెల్ పద్ధతికి. జెరాల్డ్ గోర్ట్‌జెల్ దీన్ని 1958లోనే ప్రచురించాడు. ఎఫ్ఎఫ్‌టీకి పేరు తెచ్చిన కూలీ, టూకీల పేపర్ వచ్చింది 1965లో. అంటే వయసులో ఇదే పెద్దది. శాంపిల్ వచ్చినప్పుడల్లా ఒక గుణకారం, రెండు కూడికలు. గుర్తు పెట్టుకోవాల్సింది వెనకటి రెండు విలువలే, శాంపిళ్ళను దాచుకునే పనే లేదు. కాగితం మీద ఇంతకన్నా మంచి సంబంధం దొరకదు.

కోడ్ కూడా చేతిలో ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఫోన్ కీప్యాడ్ టోన్లు గుర్తుపట్టే డీటీఎంఎఫ్ ప్రాజెక్టుకి రాసింది, ఏ ఫిర్యాదూ లేకుండా నడిచింది. దాన్నే తెచ్చి, ఫ్రీక్వెన్సీ 50 అని, శాంప్లింగ్ రేటు సెకనుకి 16,000 అని మార్చి పెట్టాం. విండో, అంటే ఒక్కో రీడింగ్ కోసం చూసే కాలం, 200 మిల్లీసెకన్లు, అంటే 50 హెర్ట్జ్‌లో 10 సైకిళ్ళు, 3,200 శాంపిళ్ళు. హార్మోనిక్స్ (50కి రెండింతలు, మూడింతలుగా ఉండే ఫ్రీక్వెన్సీలు) కొలిచే ఐఈసీ 61000-4-7 ప్రమాణంలో ఉండే విండో కూడా ఇదే. అంతా పద్ధతిగా చేశామనే అనుకున్నాం.

32762

రెండో రోజు జూనియర్‌కి ఒక పని చెప్పాను. మెయిన్స్ వదిలెయ్, సిగ్నల్ జనరేటర్ పెట్టు, 45 నుంచి 55 వరకు అర హెర్ట్జ్ చొప్పున జరుపుతూ రీడింగ్ రాసుకో. అరగంటలో కాగితం తెచ్చాడు. రీడింగ్ అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది 50 దగ్గర కాదు, 48.5కీ 49కీ మధ్య. అంటే మా ఫిల్టరు చూస్తున్నదే వేరే చోటికి.

గోర్ట్‌జెల్‌లో ఉండే ఒకే ఒక స్థిరాంకం 2కాస్(థీటా). థీటా అంటే ఒక శాంపిల్‌కీ తర్వాతి శాంపిల్‌కీ మధ్య మన సైన్ వేవ్ ఎంత కోణం జరుగుతుందో అది. 16,000 రేటులో 50 హెర్ట్జ్ చాలా నెమ్మది: థీటా 0.019635 రేడియన్లు. 2కాస్(థీటా) విలువ 1.99961448. దాన్ని పాత కోడ్ క్యూ14 రూపంలో, అంటే 16384తో గుణించి దగ్గరి పూర్ణాంకానికి సర్ది, 16 బిట్లలో దాస్తోంది. డీబగ్గర్‌లో చూస్తే 32762 ఉంది.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. 2 అంటే ఈ రూపంలో 32768. మన స్థిరాంకం దానికన్నా 6 తక్కువ. అసలు ఉండాల్సిన తేడా 6.316. పూర్ణాంకం కాబట్టి 6 అయింది. కాస్ వక్రం ఇక్కడ దాదాపు బల్లపరుపు. కోణం ఎంతో జరిగితే గానీ కాస్ విలువ కొంచెం కదలదు. తిరగేసి చూస్తే, కాస్ విలువలో కొంచెం తేడా వస్తే కోణం ఎంతో జరిగిపోతుంది. 6 తీసుకుని వెనక్కి లెక్క కడితే వచ్చే ఫ్రీక్వెన్సీ 48.73 హెర్ట్జ్. పోనీ 7 తీసుకుంటే? 52.64. ఆ రెంటికీ మధ్య మెట్టే లేదు. క్యూ14లో, 16,000 రేటులో, 50 హెర్ట్జ్ అనే ఫ్రీక్వెన్సీ అసలు రాయడానికే వీల్లేదు.

మిగతాదంతా దానంతటదే విడిపోయింది. 200 మిల్లీసెకన్ల విండోకి బిన్ వెడల్పు, అంటే పక్కపక్క ఫ్రీక్వెన్సీలను విడదీయగల దూరం, 5 హెర్ట్జ్. మనం 1.27 హెర్ట్జ్ పక్కకి జరిగి చూస్తున్నాం, అంటే పావు బిన్. పక్కకి జరిగితే రీడింగ్ ఎంత తగ్గుతుందో చెప్పే సింక్ ఫార్ములాలో వేస్తే 0.897. 10 ఆంప్స్‌కి 8.97, జూనియర్ తీసిన సగటు సరిగ్గా అదే. 8.9, 9.1 మధ్య ఊగడం ఎందుకంటే, మనం వెతికే ఫ్రీక్వెన్సీకి విండోలో పూర్ణ సైకిళ్ళు లేనప్పుడు నెగటివ్ ఫ్రీక్వెన్సీ (లెక్కలో వచ్చే -50 హెర్ట్జ్ ప్రతిబింబం) వైపు నుంచి కొంత లీకవుతుంది. ఇక్కడ అది సుమారు 1.2 శాతం. విండో వేవ్‌లో ఎక్కడ మొదలైందన్న దాన్ని బట్టి ఒకసారి కలుస్తుంది, ఒకసారి తీసేస్తుంది. ఇక రాత్రికి రాత్రి మార్పు గ్రిడ్ చేసిన పని. మన గ్రిడ్ కోడ్ ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి. మేం సింక్ కొండ వాలు మీద నిలబడి చూస్తున్నాం కాబట్టి, 49.90 దగ్గర 9.12 వస్తుంది, 50.05 దగ్గర 8.89. గ్రిడ్ తన హద్దులోనే ఉన్నా మా రీడింగ్ రెండున్నర శాతం కదులుతుంది.

1.115తో గుణించి పంపేసి ఉంటే, మా టేబుల్ మీద ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం కరెక్టుగా ఉండేది.

మరి డీటీఎంఎఫ్‌లో అదే కోడ్ ఎలా పనిచేసింది? అక్కడ రేటు 8,000, అన్నిటికన్నా కింది టోన్ 697 హెర్ట్జ్. థీటా 0.547 రేడియన్లు, కాస్ వక్రం బాగా ఏటవాలుగా ఉండే చోటు. అక్కడ క్యూ14 వల్ల వచ్చే తప్పు ఎంత ఎక్కువైనా 0.04 హెర్ట్జ్ లోపే. కోడ్‌లో బగ్ లేదు. అది కట్టుకున్న ఊరు వేరు, మేం తీసుకొచ్చి పెట్టిన ఊరు వేరు. ఈ జబ్బు కొత్తదేమీ కాదు కూడా. ఫ్రీక్వెన్సీ సున్నాకి దగ్గరయ్యే కొద్దీ గోర్ట్‌జెల్‌లో తప్పు పెరిగిపోతుందని జెంటిల్‌మన్ అనే ఆయన 1969లోనే విశ్లేషించి చూపించాడు. నేను అది చదివింది ఈ బగ్ దొరికాకే. ఆలస్యంగానైనా చదివాననుకోండి.

మందులు మూడు

గోర్ట్‌జెల్‌ని వదలకుండానే బాగుచేసే దారి ఒకటుంది, రైన్ష్ సవరణ అంటారు. 2కాస్(థీటా) దాచుకునే బదులు అది 2కి ఎంత తక్కువో ఆ తేడానే దాచుకోవాలి: 4 సైన్ స్క్వేర్(థీటా/2). మన కేసులో 0.00038552. దీన్ని 2 ఘాతం 26తో గుణిస్తే 25872 వస్తుంది. చూడండి, ఇదీ 16 బిట్లలోనే పట్టింది. ఇందాక తేడా మొత్తం 6 మెట్లలో సర్దుకోవాల్సి వస్తే ఇప్పుడు 25,872 మెట్లున్నాయి. ఫ్రీక్వెన్సీ తప్పు 0.0005 హెర్ట్జ్‌కి పడిపోతుంది. బిట్లు పెంచలేదు, చుక్క ఎక్కడ పెట్టాలో మార్చామంతే. జూనియర్‌కి బోర్డు మీద ఇది వేసి చూపిస్తే "ఇంతేనా!" అన్నాడు. నాకూ అంతే అనిపించింది.

కానీ వాడలేదు. గోర్ట్‌జెల్‌లో లోపలి విలువ శాంపిల్ శాంపిల్‌కీ పేరుకుంటూ పోతుంది. 12 బిట్ల ఏడీసీ, 3,200 శాంపిళ్ళు, ఇంత చిన్న థీటా ఉంటే అది 16 కోట్లు దాటుతుంది. దాన్ని స్థిరాంకంతో గుణిస్తే 32 బిట్లలో పట్టదు, ప్రతి శాంపిల్‌కీ 64 బిట్ల గుణకారం కావాలి. ఎం0లో అది లైబ్రరీ కాల్, పదుల సైకిళ్ళు. సెకనుకి 16,000 సార్లు, ఆరు ఛానళ్ళు. శాంపిల్ సెట్‌కి మా బడ్జెట్ 3,000 సైకిళ్ళు, అందులోనే మోడెమ్, డిస్‌ప్లే, రిలే కూడా నడవాలి.

రెండో మందు రేటు తగ్గించడం. ఇది ఏ పద్ధతి ఎంచుకున్నా చేయాల్సిందే. 50 హెర్ట్జ్ కొలవడానికి 16,000 ఎందుకు? ఏడీసీకి చేతనవుతుంది కాబట్టి పెట్టాం, అంతకన్నా గొప్ప కారణం లేదు. అయితే ఏడీసీని నెమ్మదిగా నడపడం కాకుండా, 16,000 దగ్గరే తీసుకుని అయిదేసి శాంపిళ్ళు కూడి 3,200కి దించాం. కూడిక తప్ప ఇంకేమీ లేని ఫిల్టర్ ఇది. నాయిజ్ తగ్గి ఒక బిట్‌కి పైగా లాభం. 50 హెర్ట్జ్ దగ్గర దీనివల్ల పోయేది 0.04 శాతం. ఇంకో మంచి గుణం ఉంది. రేటు తగ్గిస్తే పై ఫ్రీక్వెన్సీలు కొన్ని కింది ఫ్రీక్వెన్సీల్లా కనిపిస్తాయి. 3,200 రేటులో 50 హెర్ట్జ్ మీదకి దొంగచాటుగా మడతపడి వచ్చేవి 3,150, 3,250 హెర్ట్జ్. అయిదు కూడికల ఫిల్టరుకి సున్నా పడేదేమో 3,200 దగ్గర. అంటే సరిగ్గా ఆ దొంగలు వచ్చే దారిలోనే గోడ ఉంది. 3,150 దగ్గర సిగ్నల్ 1.7 శాతానికి తగ్గిపోతుంది. మంచి ఎఫ్ఐఆర్ ఫిల్టర్ (ఒక్కో శాంపిల్‌ని ఒక్కో గుణకంతో గుణించి కూడేది) డిజైన్ చేసి, గుణకాలు దాచి, గుణకారాలు చేయించేవాళ్ళు ఉంటారు. ఆడియోకి అయితే నేనూ అదే చేస్తాను. ఒక్క ఫ్రీక్వెన్సీ కావాల్సిన చోట ఈ అయిదు కూడికలే చాలు.

మూడో మందు, చివరికి బోర్డులో ఉన్నది: సైన్ టేబుల్‌తో నేరుగా గుణించి కూడడం. ప్రతి శాంపిల్‌నీ ఒకసారి సైన్‌తో, ఒకసారి కాస్‌తో గుణించి రెండు ఖాతాల్లో వేస్తూ పోవాలి. డీఎఫ్‌టీ (ఎఫ్ఎఫ్‌టీ వేగంగా చేసే అసలు లెక్క) నిర్వచనం అదే, ఏ తెలివీ లేదు. గోర్ట్‌జెల్‌లో శాంపిల్‌కి ఒక గుణకారం, ఇక్కడ రెండు. పుస్తకం లెక్కలో ఇది రెండింతలు ఖరీదు. కానీ ఇక్కడ వెనకటి విలువ మీద తర్వాతిది ఆధారపడదు కాబట్టి రౌండింగ్ తప్పు పేరుకోదు. గుణకారాలు కూడా చిన్నవి: అయిదు శాంపిళ్ళ మొత్తం 10,240 దాటదు, టేబుల్ 1,024 దాటదు, లబ్ధం 32 బిట్లలో హాయిగా పడుతుంది. ఒక సైకిల్ అంతా 32 బిట్లలో కూడి, సైకిల్‌కి ఒకసారి 64 బిట్ల ఖాతాలో వేస్తాం. ఎం0లో 64 బిట్ల కూడిక రెండు ఇన్‌స్ట్రక్షన్లు. 64 బిట్ల గుణకారమే ఖరీదు. ఎక్కడ డబ్బు ఖర్చవుతుందో చిప్పుని బట్టి మారుతుంది. గుణకారాలు లెక్కపెట్టి ఏ పద్ధతి చౌకో చెప్పే పట్టికలకి ఆ సంగతి తెలీదు.

3,200 రేటులో ఆరు ఛానళ్ళకి కలిపి ఒక్కో సెట్‌కి 12 గుణకారాలు. అప్పటికి బడ్జెట్ 15,000 సైకిళ్ళకి పెరిగింది కదా, అందులో రెండు మూడు వందలు ఖర్చు. నిజంగా ఆ తర్వాత వేగం గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

హీటర్ చేసిన మోసం

ఆంప్స్ కుదిరాయి. వాట్స్ కూడా హీటర్ మీద 0.1 శాతం లోపు కలిశాయి. సంబరంగా బెంచ్ మీదున్న 5 హెచ్‌పీ మోటారుని లోడు లేకుండా తిప్పాం. పవర్ దాదాపు 10 శాతం ఎక్కువ చూపించింది.

డ్రై రన్‌కి పవర్ ఎందుకు కావాలో ముందు చెప్పాలి. మా మోటారు నీళ్ళు లాగుతున్నప్పుడు 8 ఆంప్స్, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంప్స్ లబ్ధంలో నిజంగా పవర్ అయ్యే వంతు) 0.8, అంటే 415 వోల్టుల దగ్గర 4.6 కిలోవాట్లు. నీళ్ళు లేకపోతే 5 ఆంప్స్, పవర్ ఫ్యాక్టర్ 0.35, అంటే 1.26 కిలోవాట్లు. ఆంప్స్ మూడో వంతుకి కొంచెం పైగా తగ్గితే పవర్ ముప్పావు వంతు పడిపోతుంది. ఇండక్షన్ మోటారుకి ఖాళీగా తిరిగినా మాగ్నెటైజింగ్ కరెంటు కావాలి, అది తగ్గదు. ఊళ్ళో వోల్టేజీ 340కి పడితే ఆంప్స్ మీద నమ్మకం పెట్టుకోలేం. పవరే నమ్మదగ్గది, కానీ అది సరిగ్గా కావాల్సిందేమో పవర్ ఫ్యాక్టర్ అడుగంటిన చోట.

చిప్పులో ఏడీసీ ఒక్కటే, ఆరు ఛానళ్ళనూ వరసగా చదువుతుంది. మేం పెట్టిన వరస ముందు మూడు వోల్టేజీలు, తర్వాత మూడు కరెంట్లు. ఛానల్‌కీ ఛానల్‌కీ మధ్య 10.4 మైక్రోసెకన్లు. అంటే ఒక ఫేజు వోల్టేజీకీ దాని కరెంటుకీ మధ్య 31 మైక్రోసెకన్లు, 50 హెర్ట్జ్‌లో 0.56 డిగ్రీలు. దానికి తోడు మేం కొన్న చౌక సీటీ ఒకటిన్నర డిగ్రీ ముందుకి తోస్తోంది. రెండూ ఒకే దిక్కు. మొత్తం రెండు డిగ్రీల చిల్లర.

రెండు డిగ్రీలేగా అనిపిస్తుంది. పవర్‌లో వచ్చే తప్పు ఆ కోణాన్ని (రేడియన్లలో) టాన్(ఫై)తో గుణించినంత; ఫై అంటే వోల్టేజీకీ కరెంటుకీ మధ్య అసలు కోణం. హీటర్‌కి ఫై సున్నా, టాన్ కూడా సున్నా, తప్పు కనపడదు. పవర్ ఫ్యాక్టర్ 0.8 దగ్గర రెండున్నర శాతం పైచిలుకు. 0.35 దగ్గర 9.6 శాతం. హీటర్ మీద క్యాలిబ్రేట్ చేయడమంటే, తప్పు దాక్కునే చోటే వెతికి ఏమీ లేదనుకోవడం.

సరిదిద్దడానికి మామూలుగా చెప్పే దారి కరెంటు ఛానల్‌ని శాంపిల్‌లో కొంత భాగం ఆలస్యం చేసే ఫిల్టర్. ప్రతి శాంపిల్‌కీ పని. మా దగ్గర అప్పటికే ప్రతి ఛానల్‌కీ సైన్ ఖాతా, కాస్ ఖాతా ఉన్నాయి కదా, అవి రెండూ కలిస్తే ఒక ఫేజర్, అంటే వేవ్ ఎత్తూ కోణమూ కలిపి చెప్పే బాణం. కరెంటు ఫేజర్‌ని రెండు డిగ్రీలు వెనక్కి తిప్పడానికి నాలుగు గుణకారాలు చాలు, అదీ 200 మిల్లీసెకన్లకి ఒకసారి. చదివే వరసని కూడా వోల్టేజీ, కరెంటు, వోల్టేజీ, కరెంటుగా మార్చాం, అది ఉచితం. మిగిలిన కోణాన్ని ఒక్కో బోర్డుకీ ఖాళీ మోటారు మీద కొలిచి ఫ్లాష్‌లో దాస్తున్నాం. తర్వాత పవర్ 0.5 శాతం లోపుకి వచ్చింది.

సింగిల్ ఫేజింగ్ కూడా ఈ ఫేజర్ల నుంచే దొరికింది. మూడు కరెంట్ల ఫేజర్లను 120 డిగ్రీల చొప్పున తిప్పి కలిపితే పాజిటివ్ సీక్వెన్స్ (మోటారుని ముందుకి తిప్పే భాగం), నెగటివ్ సీక్వెన్స్ (వెనక్కి లాగే భాగం) వస్తాయి. బాగున్న మోటారులో నెగటివ్ చాలా చిన్నది. ఒక ఫేజు తెగితే రెండూ సమానమైపోతాయి. 5 శాతం ఎక్కడ, 100 శాతం ఎక్కడ, థ్రెషోల్డ్ గురించి బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పనే లేదు.

జనరేటర్ మీద

జనగామ వైపు ఒక పొలంలో ట్రయల్ పెట్టాం. వారం బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు కరెంటు లేక డీజిల్ జనరేటర్ పెట్టి మోటారు ఆన్ చేస్తే మా డబ్బా "అండర్ వోల్టేజ్" అని ట్రిప్ చేసింది. మల్టీమీటర్‌లో 400 పైనే ఉంది. మా డిస్‌ప్లేలో సున్నాకి దగ్గరగా ఉంది. ఫ్రీక్వెన్సీ 52.5 అని చూపిస్తోంది. లోడు పడిన చిన్న జనరేటర్ ఎక్కడైనా 52కి పరిగెడుతుందా? మందగిస్తుంది గానీ.

అప్పటికి మేం ఫ్రీక్వెన్సీని వెంబడించే ఏర్పాటు పెట్టాం. టేబుల్ చదివే వేగాన్ని ఒక ఫేజ్ అక్యుములేటర్ (టేబుల్‌లో ఎక్కడున్నామో లెక్కపెట్టే కౌంటర్) నడుపుతుంది, ఆ వేగాన్ని అసలు ఫ్రీక్వెన్సీకి సరిచేస్తే చాలు. అసలు ఫ్రీక్వెన్సీ వోల్టేజీ ఫేజర్ చెబుతుంది: ఒక విండో నుంచి తర్వాతి విండోకి అది ఎంత కోణం తిరిగిందో చూడాలి. 18 డిగ్రీలు తిరిగితే పావు హెర్ట్జ్ తేడా. అదనంగా లెక్కించేది దాదాపు ఏమీ లేదు, వేవ్ సున్నా దాటే క్షణాలు చూసే జీరో క్రాసింగ్ పద్ధతిలాగా వేవ్ వంకరగా ఉంటే మోసపోదు. నాకు ఇప్పటికీ ఇష్టమైన పద్ధతి.

కాకపోతే కోణం 180 దాటితే అది ముందుకి తిరిగిందో వెనక్కి తిరిగిందో తెలీదు. 200 మిల్లీసెకన్లకి ఆ హద్దు 2.5 హెర్ట్జ్. జనరేటర్ నిజంగా ఉన్నది 47.3 దగ్గర, తేడా 2.7. మా కోడ్ దాన్ని 2.3 ఎక్కువ అని చదివి 52.3కి పరిగెత్తింది. అక్కడి నుంచి జరిగి జరిగి 52.56 దగ్గర స్థిరపడింది. ఎందుకక్కడే అంటే, ఆ వేగంతో మేం 10 సైకిళ్ళు అనుకున్న కాలంలో జనరేటర్ సరిగ్గా 9 సైకిళ్ళు తిరుగుతోంది. కోణం తేడా సున్నా, కాబట్టి కోడ్‌కి అంతా సవ్యంగానే ఉంది. 10 సైకిళ్ళ సైన్‌తో 9 సైకిళ్ళ వేవ్‌ని గుణించి కూడితే వచ్చేది కూడా సున్నా. అందుకే వోల్టేజీ లేదంది.

ఆన్ అయిన మొదటి అర సెకను రెండు సైకిళ్ళ చిన్న విండోతో నడిపిస్తే సరిపోయింది. 40 మిల్లీసెకన్లకి హద్దు 12.5 హెర్ట్జ్, ఏ జనరేటరూ అంత దూరం పోదు. రీడింగ్ ముతకగా ఉంటుంది, ఫర్లేదు, దారి తెలిస్తే చాలు. తర్వాత 10 సైకిళ్ళకి మారుతుంది. విండో పొడవు శాంపిళ్ళలో సర్దుబాటు అవుతుంది కాబట్టి 47.3 దగ్గర 677 శాంపిళ్ళు. అర శాంపిల్ అటూ ఇటూ అయినందుకు వచ్చే తప్పు 0.1 శాతం లోపే.

ఇంకా మిగిలింది

హార్మోనిక్స్ చూపించమని ఒక డీలర్ అడుగుతున్నాడు. ఇంతవరకు ఒప్పుకోలేదు. ఫ్రీక్వెన్సీ వెంబడించడం లేకుండా చేసి ఉంటే, గ్రిడ్ 49.9లో ఉన్నప్పుడు 11వ హార్మోనిక్ 1.1 హెర్ట్జ్ పక్కకి జరిగి 8 శాతం తక్కువ కనిపించేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు గానీ, అయిదు కూడికల ఫిల్టర్ అక్కడ 4.6 శాతం తినేస్తుంది, దాన్ని తిరిగి కలపాలి. చేయొచ్చు. రైతుకి దానితో ఏం పనో నాకు అర్థం కాలేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది స్టార్టింగ్ కరెంటు. మోటారు ఆన్ అయిన మొదటి క్షణాల్లో మామూలు కన్నా అయిదారు రెట్లు లాగుతుంది కాబట్టి, మూడు సెకన్లు ఏ ట్రిప్పూ లేకుండా కళ్ళు మూసుకుంటున్నాం. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి ఆంప్స్ చూసే మీటర్) పెట్టి చూసి, మా రీడింగ్‌తో కలిసిందని తలూపాడు. తర్వాత డబ్బా మూత వేస్తూ, "మూడు సెకన్లు ఎక్కువే సార్. ఇసుక బోర్లున్నయి ఇక్కడ. ఇంపెల్లర్ల ఇసుక పట్టి జామైతే మోటారు అసలు తిరగనే తిరగదు, ఆటో స్టార్టర్ ఏమో మళ్ళ మళ్ళ ఏస్తనే ఉంటది" అన్నాడు.

10 సైకిళ్ళ ఫేజర్ అక్కడ పనికిరాదు. దానికి 10 మిల్లీసెకన్లకి ఒకసారి హాఫ్ సైకిల్ ఆర్‌ఎంఎస్ (అర సైకిల్ శాంపిళ్ళ నుంచే తీసే కరెంటు విలువ) కావాలి, చిన్న సీటీ ఆ కరెంటుకి శాచురేట్ కాకుండా, అంటే నిండిపోయి తక్కువ చూపకుండా, ఉండాలి. బెంచ్ మోటారుకి షాఫ్ట్ లాక్ చేసే క్లాంప్ చేయించాం. ఈ వారం నుంచి ఆ కొలతలు తీస్తున్నాం.